దుఃఖితుల వరుసలో నా పేరు

మా దేశంలో పేపరు వెనక నుంచి చదువుతారు. ముందు పేజీలో మంత్రులు ఏం వాగారో తెలియకపోయినా రోజు గడుస్తుంది గానీ, నిన్న ఎవరు పోయారో తెలియకపోతే మాకు కాఫీ గొంతు దిగదు. చావు ప్రకటనలే నాలుగైదు పేజీలుంటాయి. ఫొటో, పేరు, పరామర్శకు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా రావచ్చో ఆ వివరం, చివర "దుఃఖితులు" అని ఇంటివాళ్ళ పేర్లు. ఆ చివరి వరుసలో తన పేరు వదిలేశారని అలిగి, ముప్పై ఏళ్ళుగా అన్న మొహం చూడని తమ్ముళ్ళు నాకు తెలుసు.

అందుకే ఆ పొద్దున పెరాస్త్ రేవులో మా డ్రైవరు వూకోత పేపరు మడిచి చంకలో పెట్టుకుని, నా వైపు చూడకుండా నిలబడితే, నావాళ్ళెవరో పోయారని అర్థమైపోయింది. అప్పుడే ఏడుగురు యాత్రికులకి దీవి మీది చర్చి చూపించి పడవ దింపుతున్నాను. వాళ్ళు పెద్ద ఓడలో వచ్చినవాళ్ళు. సాయంత్రం ఆరింటికల్లా కోతోర్ రేవులో మళ్ళీ ఓడెక్కేయాలి. ఆ లోపల మాంటెనెగ్రో మొత్తం చూపించేయాలట. మా కంపెనీ కరపత్రం మీద అలాగే ఉంటుంది: "ఒక్క రోజులో పది అద్భుతాలు." పదో అద్భుతం నేనే అని వూకోత ఎగతాళి చేస్తుంటాడు.

"ఏంటలా ఉన్నావు? ఎవరు పోయారు?" అన్నాను.

"ముందు వీళ్ళని ఎక్కించు, రొసాందా."

"ఎవరో చెప్పు ముందు!"

"కొండ మీద న్యేగుషి ఊరి మనిషి. పెత్రూష అని. నీ ఇంటిపేరే. చివర్లో నీ పేరు కూడా వేశారు."

పేపరు లాక్కున్నాను. పెద్దమ్మ. మా నాన్నకి వదిన, నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ పోతే నన్ను తీసుకెళ్ళి పెంచిన మనిషి. ఫొటోలో నల్ల రుమాలు నుదుటి దాకా లాక్కుని, ఫొటోగ్రాఫరు మీద కోపంగా ఉన్నట్టు చూస్తోంది. పరామర్శ ఇవాళే, సెతిన్యే పట్నంలోని శవమందిరంలో, పది నుంచి మూడు దాకా. ఆ తర్వాత ఖననం. కళ్ళు అక్షరాల మీద నిలవడం లేదు. దుఃఖితులు అన్న మాట తర్వాత ఎక్కడో మధ్యలో నా పేరు. రొసాంద. అంతే చూశాను. కాగితం తడిసిపోతుందని మడిచేశాను.

తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళ నుంచి ఆ ఇంటి గడప తొక్కలేదు నేను. ఆ తప్పు ఇంకెవరిదో అని చెప్పుకోవాలని ఎన్నోసార్లు చూశాను, కుదరలేదు.

అప్పట్లో పెద్దమ్మ ఇల్లే నా టూరులో ఒక అద్భుతం. రోజూ మధ్యాహ్నం పదిమందిని వెంటేసుకెళ్ళేదాన్ని. పెద్దమ్మ పొగగదిలోంచి పందితొడ దింపి పల్చగా కోసి పెట్టేది, జున్ను పెట్టేది, సారా పోసేది. వాళ్ళు తింటుంటే నేను ఇంగ్లీషులో కథ చెప్పేదాన్ని. ఈవిడ ముప్పై ఒక్క ఏళ్ళుగా నలుపే కడుతోంది, పందొమ్మిదేళ్ళ కొడుకు మంచులో దారి తప్పి చచ్చిపోయాడు, అదుగో గోడ మీద వాడి బొమ్మ, ఆ రోజు నుంచి ఈ ఇంట్లో ఎవరూ పాట పాడలేదు. చెప్పిన ప్రతిసారీ జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు. పెద్దమ్మకి ఇంగ్లీషు రాదు. నేను మాంసం ఆరబెట్టే పద్ధతి చెబుతున్నాననుకుని, పక్కనే నిలబడి నవ్వుతూ తలూపేది.

ఒకరోజు ఒకావిడ ఏడుస్తూ వచ్చి పెద్దమ్మని కౌగిలించుకుంది. ఇంకొకాయన గోడ మీంచి ఆ కొడుకు ఇలియా బొమ్మ దింపి, దాన్ని పట్టుకుని తన పక్కన నిలబడమని పెద్దమ్మకి సైగ చేశాడు, ఫొటోకి. మా స్తానియా అక్క, పెద్దమ్మ కూతురు, బళ్ళో టీచరు. ఆ రోజు సెలవని ఇంట్లో ఉంది. నేను చెప్పిందంతా విన్నది. విన్నది విన్నట్టు తల్లికి చెప్పేసింది.

పెద్దమ్మ నేరుగా బల్ల దగ్గరికి వచ్చింది. బల్ల మీద సగం తిన్న పళ్ళేలన్నీ ఒక్కొక్కటీ ఎత్తి లోపలికి తీసుకుపోయింది. మా కొండల్లో అతిథి ముందు నుంచి పళ్ళెం తీయడమంటే ఏమిటో మావాళ్ళకే తెలుసు. తర్వాత గుమ్మంలోకి వచ్చి నాతో అంది: "నా కొడుకుని రోజూ చంపుతున్నావటే? పది మందికీ చూపించి చంపుతున్నావా? ఇంక రాకు." మళ్ళీ వెళ్ళలేదు.

అలాంటిది, ఇప్పుడు దుఃఖితుల్లో నా పేరు వేశారు. అంటే పోయేముందు పెద్దమ్మ నా పేరు తలచి ఉండాలి. రొసాందని కూడా వెయ్యమని చెప్పి ఉండాలి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే భయం పట్టుకుంది. పేరు వేసినప్పుడు వెళ్ళి చూసొస్తే చాలదు, ఇంటివాళ్ళతో పాటు వరుసలో నిలబడాలి. మూడింటి లోపల చేరకపోతే, పేరు వేసినా రాని మనిషి అని సెతిన్యే మొత్తం చెప్పుకుంటుంది. పెద్దమ్మ చివరిసారి చాచిన చేతిని కూడా తోసేసినదాన్ని అవుతాను.

టైము పది దాటింది. కరపత్రం ప్రకారం సెతిన్యే ఎప్పుడు చేరతాం? నాలుగున్నరకి.

"లోవ్చెన్ కొండ మీది పాత రాజు సమాధి ఎత్తేస్తే సరిపోతుంది. కొండెక్కడం, మెట్లెక్కడం, దిగడం, రెండు గంటలు మిగులుతాయి" అన్నాడు వూకోత.

"అదే కదా వీళ్ళకి అసలు అద్భుతం. ఎత్తేస్తే యజమాని నా తోలు వలుస్తాడు."

"వలిస్తే పొగగదిలో వేలాడదీద్దాం. సంగతేంటో వాళ్ళకే చెప్పరాదూ? మనుషులే కదా, అర్థం చేసుకుంటారు."

"చెప్పను" అన్నాను. నా గొంతు నాకే కరుగ్గా వినిపించింది. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. అయ్యో అంటారు, మేమూ వస్తామంటారు, మీ ఆచారాలు చూసినట్టూ ఉంటుందంటారు. శవపేటిక చుట్టూ ఏడుగురు కెమేరాలు పట్టుకుని. ఈ టూరులో ఇంకోసారి పెద్దమ్మని అద్భుతం చెయ్యను.

కోతోర్‌లో ఆ రోజు రెండు ఓడలు వచ్చి పడ్డాయి. పాత ఊరి సందుల్లో జనం ఇసకేస్తే రాలకుండా ఉన్నారు. కోట గోడలెక్కుదామని ముందు నుంచీ ఉబలాటపడుతున్న ఒక పెద్దమనిషి ఉన్నాడు, రెండు మోకాళ్ళకీ పట్టీలు. ఆయన్ని చూసి, "గోడలు కింద నుంచే బాగా కనిపిస్తాయండీ" అన్నాను. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో అంత సిగ్గులేని అబద్ధం నేనెప్పుడూ ఆడలేదు. ఇంకొకావిడ చేతిలో నోటుబుక్కు. నేను చెప్పిన ప్రతి ముక్కా రాసుకుంటోంది. చర్చి ఎప్పుడు కట్టారంటే తప్పు చెప్పాను, అది కూడా రాసుకుంది.

పన్నెండింటికి కొండ ఎక్కడం మొదలుపెట్టాం. ఇరవై అయిదు మలుపులు, ప్రతి మలుపుకీ ఒక నెంబరు రాయి. నేను మలుపులు కాదు, నిమిషాలు లెక్కపెడుతున్నాను. పదహారో మలుపులో ఎదురుగా పెద్ద బస్సు దిగింది. మా వెనక అద్దె కారులో ఎవరో కొత్త జంట. ఆ పిల్లాడికి కారు వెనక్కి నడపడం రాదు, స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయాడు. బస్సు డ్రైవరు దిగి, చేతులు నడుం మీద పెట్టుకుని వూకోతని చూశాడు.

"ఏం బాబాయ్, కాపరం ఇక్కడే పెడతావా?"

"నువ్వు పదిహేడో మలుపులో ఆగి హారను కొట్టాలి కదరా! కొత్తగా దిగావా ఈ కొండ మీదకి?"

"కొట్టాను. నీ చెవులే రిటైరయ్యాయి."

"నా చెవుల సంగతి మీ ఆవిడనడుగు!"

ఇద్దరూ తీరిగ్గా తిట్టుకుంటున్నారు. వాళ్ళకది ఆట. నాకు నిమిషాలు పోతున్నాయి. వ్యానులోంచి దూకి, "మా ఇంట చావు జరిగింది! మూడింటికల్లా సెతిన్యే చేరాలి!" అని మా భాషలో అరిచాను. బస్సు డ్రైవరు మొహం మారిపోయింది. టోపీ తీశాడు. మారు మాట్లాడకుండా కారు పిల్లాణ్ణి దింపి, తనే ఎక్కి, ఆ కారుని మలుపు దాకా వెనక్కి నడిపాడు. అయినా ఇరవై నిమిషాలు పోయాయి.

వ్యాను ఎక్కాక నోటుబుక్కావిడ అడిగింది, నేనేం అరిచానని. "రోడ్డు నియమాలు" అన్నాను. రాసుకుంది.

న్యేగుషి చేరేసరికి ఒకటీ పదిహేను. ఇప్పుడు మేం భోజనానికి ఆగేది వేరేవాళ్ళ ఇంట్లో, పెద్దమ్మ ఇంటికి అర కిలోమీటరు ఇవతల. అందరికీ పళ్ళేలు పెట్టించాను. నాకు ముద్ద దిగేలా లేదని బయటికొచ్చాను. గేటు ముందు కరెంటు స్తంభానికి నల్ల అంచు కాగితం అంటించి ఉంది. అదే ఫొటో, అదే ప్రకటన. ఈసారి స్థిమితంగా, ఒక్కో పేరూ చదివాను.

దుఃఖితులు: స్తానియా, బ్లాజో, రొసాంద, మనవలు, ఇతర బంధువులు.

బ్లాజో పెద్దమ్మ తమ్ముడు. పోయి మూడేళ్ళయింది. ఆయన ప్రకటన కూడా పేపర్లోనే చూశాను. ఆ చావుకి వెళ్ళలేదు, టూరు ఉందని నాకు నేనే చెప్పుకున్నాను.

చచ్చిపోయిన మనిషి అక్కకోసం దుఃఖించడం ఏమిటి? మళ్ళీ చదివాను. ఈ వరుస నాకు తెలుసు. మొదట ఉన్న పెద్దమ్మ పేరు తీసేస్తే, పదకొండేళ్ళ కిందట పెదనాన్న పోయినప్పుడు వేసిన వరుస ఇదే, ఇలాగే, ఈ క్రమంలోనే. ప్రకటనలు అచ్చువేసే షాపువాడి దగ్గర పాతవన్నీ కంప్యూటర్లో ఉంటాయి. ఇల్లు ఒకటే కదా అని పాతది తీసి, పైన ఫొటో, పేరు మార్చి అచ్చు కొట్టేశాడు. స్తానియా ఆ ఏడుపులో చూసుకోలేదు.

అంటే పెద్దమ్మ నా పేరు తలచలేదు. ఎవరూ తలచలేదు. పొద్దుట్నుంచీ నేను పరిగెడుతున్నది ఒక షాపువాడి బద్ధకం కోసం.

స్తంభం పక్కనే రాతి అరుగు మీద కూలబడ్డాను. వూకోత వచ్చి పక్కన కూర్చుని సిగరెట్టు వెలిగించాడు. కాగితం చూపించి సంగతి చెప్పాను. విని, కొండ వైపు చెయ్యి చూపించాడు.

"అయితే లోవ్చెన్ పోదామా? టైముంది. నాలుగు వందల అరవై ఒక్క మెట్లు, ఎక్కితే అన్నీ మర్చిపోతావు."

"వెళ్ళకపోతే, పేరుండి కూడా రాలేదంటారు."

"అంటారు."

"వెళ్తే స్తానియా అందరి ముందూ, నిన్నెవరు రమ్మన్నారే అంటుంది."

"ఆవిడ టీచరు కదా. గట్టిగానే అంటుంది."

"నువ్వు ఓదారుస్తున్నావా, చంపుతున్నావా?"

"డ్రైవర్ని. ఎటు తిప్పమంటే అటు తిప్పుతాను" అన్నాడు.

నిజం చెప్పాలంటే, లోవ్చెన్ వైపే మొగ్గుతున్నాను. ఉద్యోగం నిలుస్తుంది, మొహం చాటెయ్యొచ్చు, తొమ్మిదేళ్ళు చేసిన పనే ఇంకొక రోజు చేసినట్టు.

అప్పుడు మోకాళ్ళ పట్టీల పెద్దమనిషి భోజనం ముగించి మెల్లగా బయటికొచ్చాడు. స్తంభం మీద కాగితం చూసి ముచ్చటపడ్డాడు. ఎక్కడికెళ్ళినా చూస్తున్నాను ఇవి, ఎంత బావున్నాయో, అంటూ కెమేరా ఎత్తాడు. ఎత్తి, నా వైపు తిరిగి అడిగాడు: "ఈ ముసలావిడ ఎవరు? ఏమైనా కథ ఉందా?"

ఉంది. నా నాలిక మీదే ఉంది. ఒక్క మాట చెరగలేదు. ఈవిడ నలభై ఏళ్ళు నలుపే కట్టింది, పందొమ్మిదేళ్ళ కొడుకు మంచులో... ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా అలాగే ఉంది. నోరు తెరిచాను కూడా. నామీద నాకే అసహ్యం వేసింది. పొగగది పక్కన నిలబడి, నేను మాంసం గురించి చెబుతున్నాననుకుని నవ్వే ఆ మొహం కళ్ళ ముందు కదిలింది.

"ఫొటో తీయకండి" అన్నాను. "ఆవిడ నాకు తెలుసు."

ఆయన కెమేరా దించాడు. క్షమించమన్నాడు. ఇంకేమైనా చెబుతానేమోనని కాసేపు చూశాడు. నేను లేచి వ్యాను వైపు నడిచాను.

ఊరి చివర రోడ్డు చీలుతుంది. ఎడమకి సెతిన్యే, కుడికి లోవ్చెన్. వూకోత బండి ఆపి అద్దంలో నన్ను చూశాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. కొండ శిఖరం మీద సమాధి మందిరం ఏడుగురికీ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. అదేనా అని నోటుబుక్కావిడ వేలు చూపించింది.

లేచి వాళ్ళవైపు తిరిగాను. "అదే. ఇవాళ అక్కడికి వెళ్ళడం లేదు. నాకు సెతిన్యేలో పని ఉంది. మిమ్మల్ని రాజుగారి భవనంలో వేరే గైడుకి అప్పగిస్తాను. వూకోత మిమ్మల్ని బుద్వా మీదుగా ఓడ దగ్గర దింపుతాడు. తప్పు నాదే, కంపెనీకి రాయండి."

గొడవ అయింది. కరపత్రం బయటికి తీశారు. ఒకాయన దాన్ని నా మొహం ముందు ఆడించాడు. ఏం పని అని నోటుబుక్కావిడ పెన్ను పట్టుకుని అడిగింది.

"అది చూడాల్సిన పని కాదు" అన్నాను. కూర్చున్నాను. "ఎడమకి తిప్పు."

సెతిన్యేలో వాళ్ళని దింపేసరికి రెండూ నలభై. యజమాని అప్పటికే మూడుసార్లు ఫోను చేశాడు. నోటుబుక్కావిడో, కరపత్రం ఆయనో అప్పుడే రాసేసి ఉంటారు. ఉద్యోగం తీసేస్తే తీసేయనీ అనుకున్నాను. అనుకోవడానికి బావుంది గానీ, ఫోను తీసే ధైర్యం లేక దాన్ని ఆపేశాను. పైగా ఒంటి మీద కంపెనీ వాళ్ళ నారింజ రంగు చొక్కా, వీపు మీద "పది అద్భుతాలు". వూకోత తన నల్ల కోటు విప్పి ఇచ్చాడు. సిగరెట్ల కంపు. కోటు చేతులు నా వేళ్ళు దాటి వేలాడుతున్నాయి.

"మెడ దాకా గుండీలు పెట్టుకో. పో. పరిగెత్తకు, పడతావు" అన్నాడు.

పరిగెత్తాను. శవమందిరం బయట మగవాళ్ళు గుంపులుగా నిలబడి సిగరెట్లు తాగుతున్నారు. నన్ను చూసి ఇద్దరు ముగ్గురు మాటలాపారు. గుమ్మం పక్కన గోడకి అదే నల్ల అంచు ప్రకటన. చూడకుండా పోదామనుకున్నాను, చూశాను.

బ్లాజో పేరు కొట్టేసి ఉంది. నల్ల పెన్నుతో, స్కేలు పెట్టి గీసినట్టు రెండు గీతలు. ఆ పక్కన నా పేరు అలాగే ఉంది.

స్తానియా పెన్ను అయిపోయిందేమో అనుకున్నాను. ఎవరో పిలిస్తే మధ్యలో వెళ్ళిపోయిందేమో. నాకు అంతకంటే మంచి ఆలోచన రాలేదు. ధైర్యం చాలక, ఇంటివాళ్ళ వైపు పోకుండా, పరామర్శకి వచ్చినవాళ్ళ లైనులో చివర నిలబడ్డాను. లైను కదులుతోంది. పేటిక కనిపించింది. పెద్దమ్మ ముక్కు మాత్రం కనిపించింది. పేటిక పక్కన ఆడవాళ్ళ వరుస, మొదట స్తానియా. బాగా ముసలిదైపోయింది. వచ్చినవాళ్ళకి చెయ్యిస్తోంది, తలూపుతోంది, మళ్ళీ చెయ్యిస్తోంది.

నా వంతు వచ్చింది. చెయ్యి చాచాను. కోటు చెయ్యి జారి వేళ్ళని కప్పేసింది.

"నా సానుభూతి, అక్కా."

స్తానియా నా చెయ్యి వదల్లేదు. "నాకు చెప్తావేంటి సానుభూతి? బయట నీ పేరు చూడలేదా?"

"చూశాను. అది షాపువాడి పొరపాటక్కా. పెదనాన్నది తీసి..."

"నాకు తెలీదా? పొద్దున్నే చూసుకున్నాను. పెన్ను పట్టుకుని ఊరంతా తిరిగాను. పందొమ్మిది చోట్ల అంటించాడు వెధవ. మన న్యేగుషి పోయే తీరిక లేకపోయింది."

"మరి నాది..."

"బ్లాజో మామయ్య చచ్చిపోయాడు. నువ్వు చచ్చావా?"

వెనక లైను ఆగిపోయింది. ఎవరో దగ్గారు. స్తానియా గొంతు తగ్గించింది, అయినా కరుకుగానే ఉంది.

"అమ్మ నిన్ను క్షమించలేదు. శవం ముందు అబద్ధం చెప్పను. నేను క్షమించానో లేదో ఇంకా తేల్చుకోలేదు. ఇటొచ్చి నిలబడు, జనం ఆగిపోయారు."

పక్కనున్న పెద్దమ్మ మేనకోడలు ఒక అడుగు జరిగింది. ఆ ఖాళీలో నిలబడ్డాను. పరామర్శ టైము ఇంకా పది నిమిషాలుంది.

నా ముందుకి మొదట వచ్చినావిడ ఎవరో నాకు తెలీదు. చేతికర్ర పట్టుకున్న కొండ మనిషి. నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, మొహంలోకి చూసింది.

"నువ్వెవరమ్మా? పెత్రూషకి ఏమవుతావు?"

"నన్ను పెంచింది" అన్నాను.

ఆవిడ తలూపి, పక్క మనిషి దగ్గరికి జరిగింది. వెనక ఇంకా చాలామంది ఉన్నారు.